బుడుగు చేతికి సెల్‌ఫోన్ ఇచ్చావు, సరే

నరసాపురం

చిరంజీవికి,

నీ స్క్రిప్టు చదివాను. బుడుగు చేతికి సెల్‌ఫోన్ ఇచ్చావు, లాగూ విప్పించి జీన్సు తొడిగావు, బామ్మని వాట్సాప్‌లోకి ఎక్కించావు. ముసలాడు కర్ర పుచ్చుకుని వస్తాడని భయపడ్డట్టున్నావు, ఉత్తరంలో మూడుచోట్ల క్షమాపణలున్నాయి. అక్కర్లేదు. ఆ పట్టింపు బాపుగారికే లేదు. 1956లో ముళ్లపూడి వెంకటరమణగారి రాతతో, బాపుగారి గీతతో ఆంధ్రపత్రిక వీక్లీలో మొదలైన బుడుగుకి అమ్మానాన్నలు రాధా గోపాళాలు కదా. 2005లో ఆయనే వాళ్ల పేరుతో సినిమా తీసి, రాధకి నల్లకోటు తొడిగి మొగుడికి ఎదురుగా కోర్టులో నిలబెట్టారు. అంతకుముందే, 1983లో, మన ఊళ్లో పుట్టిన దర్శకుడు జంధ్యాలగారు బుడుగు కథల్లోని రెండు జెళ్ళ సీత పేరు సినిమాకి పెట్టుకుని తన కథ తాను చెప్పుకున్నారు.

నా పేచీ వేరే ఉంది. నీ మొదటి సీనులో గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు మీద జనమంతా బుడుగుని చూసి నవ్వుతారు, బుగ్గలు గిల్లుతారు. కెమెరా వాడి మొహం మీంచి కదలదు. వాడు ముద్దొచ్చే పిల్లాడయ్యాడు, అంతే. అసలు బుడుగు పని మనల్ని చూడ్డం. రమణగారి పుస్తకంలో చెప్పేదంతా వాడే. ప్రైవేటు మాస్టార్లు ఎందుకు నిలవరో, బాబాయి ఎందుకు అలా తిరుగుతున్నాడో వాడే తేలుస్తాడు. బాపుగారు నాలుగు గీతల్లో వదిలేస్తే మిగతా పిల్లాణ్ణి చదివినవాళ్లు తమ ఇంట్లోంచి తెచ్చుకున్నారు. సినిమాలో నిజం కుర్రాడు వచ్చి నిలబడితే ఆ ఖాళీ పోతుంది. అందుకని కెమెరాని వాడి ఎత్తుకి దించు. పంటు మీద వాడికి కనబడేవి లుంగీలు, బండ్ల సైలెన్సర్లు, రొయ్యల ట్రేల్లోంచి కారే ఐసు నీళ్లు. మొహాలు తర్వాత.

లయన్ కింగ్ చూశావుగా. 1994లో చేత్తో గీసిన సింహాలు ఏడిస్తే తెలిసేది. 2019లో అచ్చం అడవి సింహాల్లా చేశారు, మొహాలు బిగుసుకుపోయాయి. తెలుగులో పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ గొంతిచ్చారు. నాకైతే ప్రాణం వాళ్లు మాట్లాడినప్పుడే వచ్చింది. కాబట్టి మాట జాగ్రత్త. నీ బుడుగు కోచింగ్ సెంటర్ ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు.

ఇంకోటి, ఎవరి కోసం తీస్తున్నావు? హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్‌ని 2008లో అయిదేళ్ల వయసులో చూసిన పిల్లాడికి, నిజం మనుషులతో సినిమా వచ్చిన 2024 నాటికి ఇరవై ఒకటి. భీముడికి మాత్రం అదే వయసు. పాత ప్రేక్షకుడికి జ్ఞాపకం కావాలి, వాడి తమ్ముడికి కథ కావాలి. నేనైతే తమ్ముడి పక్షం.

ఆ తమ్ముడి లోకం జీన్సులోనో ఫోన్లోనో ఉందనుకోకు. కోనసీమలో ఎన్నో ఇళ్లలో అమ్మ కువైట్‌లో పనిచేస్తుంది, పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతాడు. వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. వీటన్నిటికీ బుడుగు చెప్పే కారణాలేమిటి? అమ్మ ఫోన్లో పట్టేంత చిన్నదైపోయిందంటే అక్కడ అన్నం సరిగ్గా పెట్టట్లేదని అనుకోడూ? సినిమా అక్కడుంది, నువ్వు రాయలేదు.

హక్కుల సంగతి కూడా తెలుసుకో. రమణగారు పోయింది 2011లో, బాపుగారు 2014లో. రచయిత పోయాక 60 ఏళ్లదాకా మన చట్టం హక్కుని కాపాడుతుంది. హక్కులున్నవాళ్ల అనుమతి లేకుండా నిర్మాత గుమ్మం తొక్కకు. ఈలోగా వాడి పేరు మార్చి రాసి చూడు. పేరు తీసేస్తే కూలిపోయే సీన్లు నీ స్క్రిప్టులో చాలా ఉన్నాయి.

ముందు కువైట్ ఫోను సీను ఒక్కటే రాసి పంపు. మూడు పేజీలు దాటనీయకు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏ సంగీతం వస్తుందో మాత్రం రాయకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు