పంపుల్లో కావిటేషన్‌పై చదువు: ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. అతివేగంగా తిరిగే పంపుల్లో కావిటేషన్ వల్ల తలెత్తే అస్థిరతను అదుపు చేయడంపై ఎం.టెక్., ఆపైన పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంత చిన్న అంశాన్ని నమ్ముకోవచ్చా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: అంశం చిన్నదే, కానీ దాని కోసం నేర్చుకోవలసిన విద్య చిన్నది కాదు. పంపులో ఎక్కడైనా పీడనం ఆ ద్రవపు ఆవిరి పీడనం కన్నా తగ్గితే బుడగలు పుడతాయనీ, దీన్నే కావిటేషన్ అంటారనీ, ఆ బుడగలు కూలిన చోట లోహం గుంటలు పడుతుందనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మీ అమ్మాయి చెబుతున్న అస్థిరత ఇంకొకటి. రాకెట్ ఇంజిన్‌కు ఇంధనాన్నీ ఆక్సిజన్‌నూ అందించే పంపు ముందుండే ఇండ్యూసర్‌లో, అంటే మర ఆకారపు రెక్కల చక్రంలో, బుడగలు ఒక రెక్క మీద ఎక్కువగా, పక్క రెక్క మీద తక్కువగా ఏర్పడి, ఆ హెచ్చుతగ్గు షాఫ్టు కన్నా కాస్త వేగంగా, తరచుగా 1.1 నుంచి 1.2 రెట్లు, రెక్క నుంచి రెక్కకు తిరుగుతూ ఉంటుంది. దానివల్ల ప్రతి రెక్క మీదా బలం మారుతూనే ఉంటుంది.

జపాన్ దీనికి ఖరీదైన ఉదాహరణ. 1999 నవంబరు 15న హెచ్-2 రాకెట్ ప్రయోగంలో ఎల్‌ఈ-7 ఇంజిన్ మధ్యలోనే ఆగిపోయింది. దాన్ని సుమారు 3,000 మీటర్ల లోతున్న సముద్రగర్భం నుంచి వెలికితీసి చూస్తే, నిమిషానికి 40 వేలకు పైగా చుట్లు తిరిగే ద్రవ హైడ్రోజన్ పంపులో ఇండ్యూసర్ రెక్క అలసట వల్ల, అంటే బలం మళ్లీ మళ్లీ మారుతూ పడడంతో లోహం బలహీనపడి, విరిగినట్టు తేలింది. కావిటేషన్‌తో వచ్చిన ప్రకంపనలకు అందులో పాత్ర ఉంది. అంతకు ముందే అదే ఇంజిన్ ఆక్సిజన్ పంపులో, ఇండ్యూసర్‌కు ఎగువన కేసింగు (పంపు బయటి తొడుగు) లోపలి వ్యాసాన్ని కొద్దిగా పెంచి ఇలాంటి ప్రకంపనలను అణచగలిగారు. ఇంత పెద్ద సమస్యకు మందు అంత చిన్న మార్పులో దొరకడమే ఈ రంగంలో నాకు నచ్చే సంగతి.

అయితే పంపులు ఆగడానికి కావిటేషన్ ఒక్కటే కారణం కాదు. 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుంచి ఎగిరిన జీఎస్ఎల్‌వీలో ఇంధన బూస్టర్ టర్బో పంపు ఆగిపోయినప్పుడు అనుమానం రోటరు (తిరిగే భాగం) పట్టేయడం మీద, టర్బైన్ కేసింగు పగలడం మీద పడింది. కాబట్టి ప్రవాహశాస్త్రంతో పాటు ప్రకంపనలు, లోహపు అలసట, సంకేతాల విశ్లేషణ కూడా చదవమనండి. అవి వస్తే వలియమల, మహేంద్రగిరిలోని ఇస్రో కేంద్రాలే కాదు, పంపులు తయారుచేసే రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ వంటి సంస్థలూ, బాయిలర్‌కు నీరందించే ఫీడ్ పంపులు నడిపే థర్మల్ విద్యుత్ కేంద్రాలూ అందుబాటులోకి వస్తాయి. నిజం చెప్పాలంటే, ఖాళీలు ఎక్కువగా ఉండేది ఈ రెండో వైపే.

ఎం.టెక్.లో చేరే ముందు ఆ ప్రయోగశాలలో పారదర్శక కేసింగు, హైస్పీడ్ కెమెరా, పీడన సెన్సర్లు ఉన్న నీటి లూప్ (పంపు గుండా నీరు తిరుగుతూ ఉండే పరీక్షా ఏర్పాటు) ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. కేవలం కంప్యూటర్ మీద సాగే థీసిస్‌ను నేను సిఫారసు చేయను. ఈలోగా కాలేజీలోని సెంట్రిఫ్యూగల్ పంపుతోనే మొదలుపెట్టవచ్చు: ప్రవాహాన్ని స్థిరంగా ఉంచుతూ పీల్చే వైపు పీడనాన్ని మెల్లగా తగ్గించి, హెడ్ (పంపు నీటిని ఎత్తగల ఎత్తు) 3 శాతం పడిపోయే స్థానాన్ని గుర్తించాలి. ప్రకంపనలు అంతకు ముందే పెరగడం మొదలవుతుందేమో సెన్సర్‌తో చూడమనండి. ఆ పని విసుగనిపించకపోతే ఎం.టెక్.లో చేర్పించండి, పీహెచ్‌డీ సంగతి రెండో ఏడాదిలో ఆలోచించవచ్చు.