సబ్బులో గ్లిజరిన్ శాతం ల్యాబ్‌లో తేలుతుందా?

కోల్డ్ ప్రాసెస్ (బయటి నుంచి వేడి పెట్టకుండా నూనె, కాస్టిక్ సోడా కలిపి చేసే) సబ్బులో గ్లిజరిన్ ఎంత ఉందో తెలుసుకోవాలంటే ల్యాబ్‌లో ఏ పరీక్ష అడగాలి అన్నారు. పర్‌అయోడేట్ టైట్రేషన్ అడగండి, అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోసి, ఎంత పట్టిందో చూసి లెక్కకట్టే పరీక్ష. సబ్బుల ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ నేను చేసింది ఇదే. ఖరీదైన మెషిన్లు అక్కర్లేదు, బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం), పీహెచ్ మీటర్ (ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచేది) ఉంటే చాలు.

తూకం వేసిన సబ్బును వేడినీళ్లలో కరిగించి సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోస్తే కొవ్వు ఆమ్లాలు పైకి తేలతాయి, గ్లిజరిన్ నీళ్లలోనే ఉండిపోతుంది. వడగట్టి, పైన మిగిలిన కొవ్వును కడిగిన నీళ్లు కూడా అందులోనే కలపాలి. ఆసిడ్ ఉండగానే కాసేపు మరిగించి కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేయాలి. సబ్బులో సోడా (సోడియం కార్బొనేట్) ఉంటే ఇది మరీ ముఖ్యం, లేదంటే పీహెచ్ ఒకచోట నిలవక విసిగిస్తుంది. చల్లారాక సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ను 8.1కి తేవాలి. నన్నడిగితే ఓపికంతా ఇక్కడే కావాలి, తర్వాతది సులువు.

ఇప్పుడు సోడియం పర్‌అయోడేట్ పోసి అరగంట చీకట్లో ఉంచుతాం. ఒక్కో గ్లిజరిన్ అణువు విరిగి ఒక్కో ఫార్మిక్ ఆమ్ల అణువు వస్తుంది. మిగిలిన పర్‌అయోడేట్‌ను ఇథిలీన్ గ్లైకాల్‌తో తీసేస్తాం (దాన్నుంచి ఆమ్లం పుట్టదు), పుట్టిన ఫార్మిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ మళ్లీ 8.1 వచ్చేదాకా టైట్రేట్ చేస్తాం. 0.1 నార్మల్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 1 మి.లీ. పట్టిందంటే 9.21 మి.గ్రా. గ్లిజరిన్ ఉన్నట్టు. 2 గ్రాముల సబ్బుకు, బ్లాంక్ (సబ్బు లేకుండా ఇదే పరీక్ష చేస్తే పట్టినది) తీసేశాక, 15 మి.లీ. పడితే 138 మి.గ్రా., అంటే 6.9 శాతం.

అయితే ఈ పరీక్షకు గ్లిజరిన్ ఏదో, సార్బిటాల్ (చక్కెర లాంటి పదార్థం) ఏదో తెలియదు. సార్బిటాల్ అణువు ఒక్కటే నాలుగు ఫార్మిక్ ఆమ్ల అణువులిస్తుంది. చక్కెర కూడా లెక్క పెంచేస్తుంది. ఈ రెండూ పారదర్శక సబ్బుల్లో మామూలే. అలాంటి సబ్బుకైతే టైట్రేషన్ మీద డబ్బు పెట్టకండి, హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని కొలిచే మెషిన్ పరీక్ష) చేయించండి. ఏ పరీక్షకైనా సబ్బులో ఏమేం వేశారో ల్యాబ్ వాళ్లకు పూర్తిగా చెప్పండి, ఫార్ములా రహస్యమని దాచుకుంటే నష్టం మీకే.

నూనె పూర్తిగా సబ్బుగా మారితే దాని బరువులో సుమారు పదోవంతు గ్లిజరిన్ వస్తుంది, కొబ్బరినూనెకు ఇంకాస్త ఎక్కువ. విడిగా గ్లిజరిన్ కలపకుండానే రిపోర్టులో 15 శాతం కనిపిస్తే మళ్లీ చేయించండి. తేమ శాతం కూడా రాయించుకోండి. సబ్బు ఆరేకొద్దీ నీరు తగ్గి, అదే గ్లిజరిన్ ఎక్కువ శాతంగా కనిపిస్తుంది.