పోస్టల్ బ్యాలెట్ డిక్లరేషన్‌పై సీల్ లేకపోతే ఓటు చెల్లుతుందా? 2024లో కోర్టు అసలేం చెప్పింది?

మీరు అడిగింది ఇది: ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగి పోస్టల్ బ్యాలెట్‌తో పాటు ఇచ్చే 13ఎ ఫారంపై, అంటే డిక్లరేషన్‌పై, గెజిటెడ్ అధికారి సంతకం ఉంది, పేరూ సీలూ లేవు. 2024లో ఏపీలో అలాంటివి చెల్లాయి కాబట్టి ఇక భయం లేనట్టేనా?

లేనట్టు కాదు. 2024లో ఏ కోర్టూ సీల్ అక్కర్లేదని తీర్పు చెప్పలేదు.

అప్పుడు జరిగింది చూడండి. డ్యూటీ ఉద్యోగులు ఓటేసే ఫెసిలిటేషన్ సెంటర్లో ఆర్వో (రిటర్నింగ్ అధికారి) నియమించిన అధికారి సంతకం ఉంటే చాలు, పేరు, హోదా, సీల్ లేకపోయినా తిరస్కరించవద్దని మే 30న ఎన్నికల సంఘం చెప్పింది. రాష్ట్రం మొత్తం ఓటేశాక, లెక్కింపు ముంగిట, అదీ ఒక్క ఆంధ్రప్రదేశ్‌కే ఈ సడలింపు ఏమిటని వైఎస్సార్సీపీ హైకోర్టుకు వెళ్లింది. అధికారులు స్టాంపు వేయడం మరిచిపోతే ఓటరు ఎందుకు నష్టపోవాలన్నది టీడీపీ వైపు మాట. ఉద్యోగుల ఓట్లు ఎటు పడ్డాయో ఇద్దరికీ ఒక అంచనా ఉంది కాబట్టే పట్టుదల అంత! జూన్ 1న హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. రాజ్యాంగం 329(బి) ప్రకారం ఎన్నిక నడుస్తుండగా కోర్టు వేలు పెట్టదు, ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకోండి అంది. జూన్ 3న సుప్రీంకోర్టూ జోక్యానికి ఒప్పుకోలేదు. మర్నాడే లెక్కింపు. ఈ దారి కొత్తది కాదు, నామినేషన్ తిరస్కరణపై 1952 నాటి పొన్నుస్వామి కేసు నుంచీ ఉన్నదే. అంటే సీల్ ప్రశ్న తేలలేదు, వాయిదా పడిందంతే. వచ్చే ఎన్నికకు సంఘం అదే సడలింపు ఇవ్వాలనీ లేదు.

కాబట్టి ఓటరుగా మీరు సంతకం పెట్టించుకున్న చోటే హోదా, చిరునామా గడులు నింపించి, స్టాంపు వేయించుకుని కదలండి. సీల్ ఒక్కటే కాదు, కవర్ల తారుమారూ ఓట్లను ముంచుతుంది. బ్యాలెట్ ఒక్కటే చిన్న కవర్ 13బిలో పెట్టి అంటించాలి. డిక్లరేషన్ 13ఎ దాని బయట ఉండాలి. రెండూ కలిపి పెద్ద కవర్ 13సిలోకి వెళ్తాయి. డిక్లరేషన్‌ను కూడా బ్యాలెట్‌తో పాటు చిన్న కవర్లో పెట్టేశారనుకోండి. లెక్కింపు బల్ల దగ్గర పెద్ద కవర్ తెరిస్తే 13ఎ కనిపించదు, చిన్న కవర్ తెరవకుండానే తిరస్కరిస్తారు. 13ఎ మీద రాసిన బ్యాలెట్ సీరియల్ నంబరూ, 13బి మీది నంబరూ వేరైనా అంతే. ఇక బ్యాలెట్ మీద సంతకం పెట్టడం, పేరు రాయడం అసలే కూడదు. ఓటరెవరో తెలిసేలా గుర్తు ఉంటే ఆ ఓటు చెల్లదు.

లెక్కింపు దగ్గర అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చునేవాళ్లు తెలుసుకోవాల్సింది అభ్యంతరం ఎప్పుడు చెప్పాలన్నది. సరిగా ఉన్న డిక్లరేషన్లన్నీ వేరే ప్యాకెట్లో పెట్టి సీలు వేశాకే చిన్న కవర్లు తెరుస్తారు. ఆ తర్వాత ఏ బ్యాలెట్ ఏ డిక్లరేషన్‌తో వచ్చిందో ఎవరూ చెప్పలేరు, రహస్య ఓటింగ్ కదా. సీల్ లేదని అనాలన్నా, అన్యాయంగా తోసేశారని అనాలన్నా 13ఎ చేతిలో ఉన్నప్పుడే అనాలి. సీల్ లేకుండా ఒప్పుకున్నవెన్ని, తిరస్కరించినవెన్ని, ఏ కారణంతో అన్నది బల్లల వారీగా రాసుకుని ఆర్వోకు రాతపూర్వకంగా ఇవ్వండి. మెజారిటీ కంటే తిరస్కరించిన పోస్టల్ ఓట్లు ఎక్కువుంటే, ఫలితం ప్రకటించే ముందు ఆర్వో వాటిని మళ్లీ పరిశీలించి తీరాలి. ఈ మాట మీరు గుర్తు చేయాల్సి రావచ్చు.

ఎన్నికల పిటిషన్‌కు గడువు ఫలితం ప్రకటించిన నాటి నుంచి 45 రోజులు, డిపాజిట్ 2,000 రూపాయలు. డబ్బు సంగతి చిన్నదే. గెలిచింది మీ ప్రత్యర్థి అయితే, తప్పుగా తీసుకున్న లేదా తోసేసిన ఓట్ల వల్ల ఫలితమే మారిపోయిందని చూపించాలి. 300 మెజారిటీ ఉన్నచోట సీల్ లేని 40 డిక్లరేషన్లు పట్టుకెళ్తే కేసు అక్కడే ఆగిపోతుంది.