కాశీలో ఘాట్ దగ్గరి పాత హవేలీ హోటల్‌కి నడిచి ఎలా చేరాలి?

"రాత్రి రైలు దిగుతాం. మున్షీ ఘాట్ దగ్గర పాత భవనంలో గది తీసుకున్నాం. మ్యాప్ చూసుకుంటూ వెళ్లిపోవచ్చా?" అని అడిగారు. వెళ్లొచ్చు, గోదౌలియా చౌరస్తా దాకా. పండగ రోజైతే ఆటోని ఇంకా ముందే ఆపేస్తారు. అక్కడ దిగాక ఫోన్ జేబులో పెట్టేయండి.

ఆ గల్లీలు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు, పైన మూడు నాలుగు అంతస్తులు. అక్కడ ఫోన్‌కి సిగ్నల్ సరిగా అందదు, నీలం చుక్క పక్క సందులోకి దూకేస్తుంది. పైగా 2021 డిసెంబరులో తెరిచిన విశ్వనాథ కారిడార్ (గుడి నుంచి గంగ దాకా వేసిన వెడల్పాటి దారి) కోసం లలితా ఘాట్ వెనక పాత సందులు చాలా తీసేశారు. గుళ్లోంచి అడ్డదారి అనుకోకండి, ఫోనూ సామానూ లోపలికి రానివ్వరు.

ముందు గంగ దగ్గరికి పొండి. గోదౌలియా నుంచి పెద్ద రోడ్డు తిన్నగా దశాశ్వమేధ ఘాట్‌కే పోతుంది, పది నిమిషాల నడక. నీళ్లకు ఎదురుగా నిలబడండి. కాశీలో గంగ ఉత్తరానికి పారుతుంది కాబట్టి మీ కుడిచెయ్యి అస్సీ ఘాట్ వైపు, ఎడమచెయ్యి మణికర్ణిక ఘాట్ వైపు. కుడికి తిరిగితే శీతలా, అహల్యాబాయి, ఆ తర్వాతే మీ మున్షీ; అదీ దాటితే దర్భంగా, రాణామహల్. ఘాట్ల పేర్లు నది వైపు గోడల మీద పెద్దక్షరాలతో రాసి ఉంటాయి, తప్పిపోదామన్నా కుదరదు. సాయంత్రం హారతి వేళకు మాత్రం పెట్టెలతో అక్కడికి చేరకండి, మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు.

బయల్దేరే ముందే హోటల్‌కి ఫోన్ చేసి ఒక్కటి అడగండి: తలుపు ఘాట్ వైపా, గల్లీ వైపా? చాలా పాత భవనాలకు అసలు గుమ్మం వెనక గల్లీలోనే ఉంటుంది. లొకేషన్ పంపేసి చేతులు దులుపుకునే హోటళ్లంటే నాకు ఒళ్లు మంట. ఘాట్ దాకా మనిషిని పంపమని గట్టిగా అడగండి. గోడల మీద బాణం గుర్తులు చూసి మలుపు తిరగకండి, ఒకే రకం పేర్లతో గెస్ట్‌హౌస్‌లు బోలెడు. "ఆ హోటల్ మూసేశారు, నాతో రండి" అన్నవాడు కమీషన్ మనిషే. చక్రాల సూట్‌కేసు మెట్ల మీద, పేడ మీద దండగ. వీపున తగిలించుకునే సంచి తెచ్చుకోండి.

ఇదంతా నీళ్లు తగ్గి ఉన్నప్పటి మాట. ఆగస్టు, సెప్టెంబరులో గంగ పొంగితే కింది మెట్లు మునిగి ఘాట్ నుంచి ఘాట్‌కి దారి తెగిపోతుంది. అప్పుడు ఘాట్లకు వెనకగా దక్షిణానికి పోయే బెంగాలీ టోలా గల్లీయే గతి. వరద తీశాక కూడా కొన్నాళ్లు మెట్ల మీద ఒండ్రు జారుతుంది, పెద్దవాళ్లను అటు నడిపించకండి.

ఇక ఆంధ్రాశ్రమం వైపు, మానససరోవర్, కేదార్ ఘాట్ల దగ్గర బస చేసే మనవాళ్లు గోదౌలియా రావడమే అనవసరం, సోనార్‌పురా రోడ్డులో ఆటో దిగాలి. పంచగంగా ఘాట్ అయితే మైదాగిన్ చౌరస్తా నుంచి నడవాలి.