‘నిలికుజా’ అన్నా ‘వచ్చాను’ అన్నా…

ప్రశ్న: ‘నేను వచ్చాను’ అనకుండా ‘వచ్చాను’ అన్నా చాలునని తరగతిలో చెబుతుంటే, ఆఫ్రికా భాషలోనూ ఇలాగే వదిలేస్తారా అని ఒక పిల్లవాడు అడిగాడు. ఏం చెప్పాలి?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, బొబ్బిలి

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగాడు. అయితే ముందుగా ‘ఆఫ్రికా భాష’ అన్న ఏకవచనాన్ని సరిదిద్దండి. అక్కడ సుమారు 2,000 భాషలున్నాయి. అమెరికన్ భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో వాటిని నాలుగు పెద్ద కుటుంబాలుగా విభజించాడు గాని, వాటిలో ఖోయిసాన్ అనే వర్గం ఒకే కుటుంబం కాదని నేటి భాషావేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. తెలుగు, ఒడియా, సవర ఇరుగుపొరుగున వినబడే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు వారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఆ మూడూ మూడు వేర్వేరు కుటుంబాలవి కదా.

ఇక అసలు విషయం. నైజర్-కాంగో కుటుంబానికి చెందిన, తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలిలో ‘నిలికుజా’ అంటే వచ్చాను, ‘ఉలికుజా’ అంటే వచ్చావు, ‘అలికుజా’ అంటే వచ్చాడు లేదా వచ్చింది. నేను, నువ్వు, వాడు అన్న తేడాను తెలుపుతూ మనకు క్రియ చివర ఉండే పురుష ప్రత్యయం (‘వచ్చాను’లో ‘ను’) వారికి మొదట ఉంటుంది కనుక, సర్వనామాన్ని విడిగా చెప్పనక్కరలేదు. ఆఫ్రో-ఆసియా కుటుంబంలోని ఇథియోపియా భాష అమ్హరిక్‌లో అది మనకు లాగే చివర చేరుతుంది: ‘మెట్టా’ వచ్చాడు, ‘మెట్టాహు’ వచ్చాను. కాని స్వాహిలి కుటుంబానిదే అయిన నైజీరియా భాష యొరుబాలో క్రియకు ఏ ప్రత్యయమూ చేరదు. ‘మొ వా’ అంటే నేను వచ్చాను. అందులోంచి ‘మొ’ తీసేస్తే మిగిలిన ‘వా’ మాటకు ‘రా’ అని అర్థం వస్తుంది. కాబట్టి కుటుంబాన్ని బట్టి ఈ అలవాటును నిర్ణయించలేము.

అలాగని ప్రత్యయం ఉంటేనే సర్వనామం వదలవచ్చునని సూత్రం చెప్పేస్తే, మన తెలుగే ఒప్పుకోదు. ‘నిన్న బడికి ఎందుకు రాలేదు?’ అని మీరు అడిగితే, ‘జ్వరం వచ్చి రాలేదండి’ అని పిల్లవాడు బదులిస్తాడు. నేను, నువ్వు, వాడు, ఆమె, వాళ్లు – అందరికీ ‘రాలేదు’ ఒక్కటే రూపం. అందులో పురుషను తెలిపే అక్షరం ఒక్కటీ లేదు. అయినా ఎవరు రాలేదన్న సందేహం మీకూ కలగలేదు, వాడికీ కలగలేదు, ఎందుకంటే ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఆ సందర్భమే కర్తను చూపిస్తుంది. మలయాళంలో ‘వన్ను’ అన్న ఒక్క రూపమే అన్ని పురుషలకూ సరిపోతుంది, అక్కడా సర్వనామాన్ని నిరభ్యంతరంగా వదిలేస్తారు. యొరుబా మాత్రం అందుకు ఒప్పుకోదు. ‘వచ్చాను’, ‘రాలేదు’ రెంటినీ నల్లబల్ల మీద పక్కపక్కన రాసి, కర్త ఎక్కడుందో పిల్లలనే వెతకమనండి.