మాటకారితనం వేరు, లోపలి ధైర్యం వేరు: మిర్చి యార్డు అనుభవం

మీ ప్రశ్న సారాంశం ఇది: టీమ్‌లో ఒకాయన ఎవరినైనా రెండు నిమిషాల్లో బుట్టలో వేసుకుంటాడు. మీరేమో నలుగురిలో నోరు విప్పాలంటే టెన్షన్ పడతారు. కాబట్టి ఆయనకు ఆత్మవిశ్వాసం ఉంది, మీకు లేదు. ఇంతకీ నిజమైన ఆత్మవిశ్వాసం ఎలా ఉంటుందని అడిగారు. నా పేచీ అంతా మీ "కాబట్టి" దగ్గరే.

నాకు ఆఫీసు ఉద్యోగాల గురించి పెద్దగా తెలియదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లలో (రైతు సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే కొట్లు) గుమాస్తాగా చాలా ఏళ్లు పనిచేశాను. మాట మీద బతికే చోటు అది. సీజన్‌లో రాత్రంతా లారీలు దిగుతూనే ఉంటాయి. తెల్లారేసరికి రైతు నిద్రలేని కళ్లతో తన టిక్కీల (మిర్చి బస్తాల) పక్కన కూర్చుని ఉంటాడు. ఏడాది కష్టానికి ఎంత వస్తుందో ఆ పూట తేలిపోవాలి. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఎవరు గట్టిగా భరోసా ఇస్తే వాళ్లే దేవుడు.

నేను మొదట చేరిన కొట్టు యజమాని మహా కలుపుగోలు మనిషి. దుర్గి నుంచి వచ్చినా, మాచర్ల నుంచి వచ్చినా రైతు ఇంటి సంగతులన్నీ ఆయనకు తెలుసు. "ఏం మావా, అమ్మాయి ఇంటర్ అయిపోయిందా? కాలేజీ సీటు సంగతి నాకొదిలెయ్" అంటూ భుజం మీద చెయ్యేసేవాడు. టీ తెప్పించేవాడు. సరుకు ఇప్పుడు అమ్మాలా, ఏసీలో పెట్టాలా అని అడిగితే (యార్డులో ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ) ఒక్క క్షణం తడుముకునేవాడు కాదు. "నేనున్నాగా, పెట్టెయ్. వచ్చే నెల ఎంత కొట్టిస్తానో చూడు." ఆయన నటిస్తున్నాడని నేను అనను. మనుషులంటే ఆయనకు నిజంగానే ఇష్టం. కొట్టు కట్టేశాక మాత్రం మా గుమాస్తాల దగ్గర కూర్చుని, "ఇవాళ ఆ నరసరావుపేట ఆయన నా గురించి ఏమన్నాడ్రా? ముఖం అదోలా పెట్టాడేంటి?" అని ఆరా తీసేవాడు. రోజూ ఎవరో ఒకరి గురించి అడగాల్సిందే. ఒక్క రైతు పక్క కొట్టుకి పోతే ఆ రాత్రి అన్నం సయించేది కాదు ఆయనకి.

తర్వాత నేను పనిచేసిన పెద్దాయన దీనికి పూర్తిగా ఎదురు. చూడగానే ఆకట్టుకునేది ఏమీ ఉండదు. పలకరింపు కూడా "ఎప్పుడొచ్చావ్?" అంతే. అదే ఏసీ ప్రశ్న ఆయన్ని అడిగితే, "నాకు తెలవదు అబ్బాయ్. వచ్చే నెల ధర ఎవడికీ తెలవదు. అప్పులుంటే సగం అమ్ముకో, మిగతా సగం నీ ఓపిక" అనేవాడు. కొత్తగా వచ్చిన రైతులు ఈ జవాబుకి డీలా పడి అటు పక్క కొట్టు వైపు చూసేవాళ్లు. ఆయన పిలిచి ఆపేవాడు కాదు.

ఒక రోజు ఒక లాటు మచ్చు చూసి, రంగు తగ్గిందని రేటు తగ్గించి చెప్పాడు. పక్కనున్న కుర్ర గుమాస్తా, చేరి నెల కూడా కాలేదు, "పెద్దాయనా, పై కాయ ఒక్కటే అలా ఉంది, లోపల బాగుంది" అన్నాడు. చుట్టూ ఇద్దరు ముగ్గురు కొనుగోలుదార్లు, రైతు, హమాలీలు అందరూ ఉన్నారు. ఆయన మళ్లీ వంగి, ఈసారి టిక్కీ లోపలికి చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీశాడు. ఒక కాయ చెవి దగ్గర ఊపాడు, గింజ గలగలమంది. ఇంకోటి తుంచి చూశాడు. "నువ్వన్నదే రైటు. ఒక మూడొందలు కలిపి రాయి" అని పక్క లాటుకి నడిచాడు. ముఖంలో మార్పు లేదు. కుర్రాడిని మెచ్చుకోవడమూ లేదు, సాయంత్రం కోప్పడటమూ లేదు. నా మొదటి యజమాని అయితే అక్కడ జోకు వేసి అందరినీ నవ్వించి, ఆ కుర్రాడికి వెనకగదిలో క్లాసు పీకేవాడు. అది నేను కళ్లారా చూసినదే.

నాకు తేడా దొరికింది ఇక్కడే. మొదటాయన ధైర్యం ఎదుటివాడి ముఖంలో ఉంటుంది. ఆ ముఖం వెలిగితే ఈయన వెలుగుతాడు, అది మాడితే ఈయన పని అయిపోయినట్టే. రెండో ఆయన ధైర్యానికి ఎవరి ముఖంతోనూ పనిలేదు. కాబట్టి "తెలవదు" అనడానికి, "నాదే తప్పు" అనడానికి ఆయనకు ఖర్చేమీ కాదు.

2017 వేసవిలో మిర్చి ధర కుప్పకూలింది. ముందటేడు పదివేలు దాటి పలికిన సరుకుని అడిగేవాడు లేడు. చివరికి కేంద్రం జోక్యం చేసుకుని క్వింటా 5,000 చొప్పున కొనిపిస్తామంది. అది కూలి ఖర్చులకే చాలదని రైతులు మండిపడ్డారు. ఖమ్మం యార్డులో పెద్ద గొడవే జరిగి, రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లేదాకా పోయింది. ఆ రోజుల్లో మా మొదటాయన ఫోన్ స్విచాఫ్. ఏసీలో పెట్టించిన రైతులు కొట్టు ముందు నిలబడితే, ఊళ్లో లేడని చెప్పించేవాడు. పెద్దాయన కొట్టు తీసి కూర్చునేవాడు. తిట్టేవాళ్లు వచ్చి తిట్టిపోయేవాళ్లు. వింటూ కూర్చునేవాడు, మంచినీళ్లు ఇప్పించేవాడు. ఆయన దగ్గరా ధర లేదు, డబ్బూ లేదు.

రైతులు అమాయకులు కాబట్టి మోసపోయారని అనుకోకండి. అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో కామెరాన్ ఆండర్సన్ అనే ప్రొఫెసర్, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. తమకున్న తెలివికన్నా ఎక్కువ ఉందనుకునేవాళ్లకే బృందంలో ఎక్కువ గౌరవం దక్కుతోందని అందులో తేలింది. వాళ్లు ముందుగా మాట్లాడతారు, ఎక్కువ మాట్లాడతారు, తొణక్కుండా మాట్లాడతారు. వినేవాళ్లు దాన్నే సామర్థ్యం అనుకుంటారు. ఎంబీఏ చదివే విద్యార్థులు కూడా ఆ పొరపాటే చేశారు. మీ ఆఫీసులో జరుగుతున్నదీ అదే అయ్యుండొచ్చు.

ఇక్కడ ఒక మాట. నెమ్మదిగా ఉండేవాళ్లంతా నిండుకుండలు కారు. చాలామంది భయంతోనో, పొగరుతోనో నోరు మూసుకుంటారు. మీరు మాట్లాడకపోవడం కూడా ఆత్మవిశ్వాసమేనని మిమ్మల్ని మీరు ఓదార్చుకోవద్దు. అలాగని నలుగురినీ నవ్వించేవాళ్లంతా లోపల డొల్ల కాదు. రెండూ ఉన్నవాళ్లూ యార్డులో ఉన్నారు, వాళ్ల దగ్గర వ్యాపారం చెయ్యడం పండగే.

ఇంకో సంగతి: పెద్దాయన ధైర్యం మిర్చి వరకే. బ్యాంకులో ఫారం ఇస్తే చెయ్యి వణికేది. సంతకం పెట్టాల్సిన గడి వెతుక్కునేవాడు. కౌంటర్‌లో అందరి ముందూ "నాకిది రాదు, నువ్వు రాయి" అని పెన్ను నా చేతిలో పెట్టేవాడు. సిగ్గుపడటం నేను చూడలేదు. ఆత్మవిశ్వాసం అంటే అన్నిట్లోనూ ఆరితేరి ఉండటం అని మనం అనుకుంటాం కానీ, రానిచోట రాదనగలగడం కూడా అందులోదే అని నాకు అనిపిస్తుంది. మిర్చి విషయంలో ఆ ధైర్యం ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందంటే, ఏళ్ల తరబడి కాయ పట్టుకుని చూడటం వల్ల. వేరే రహస్యం లేదు.

పేరున్నవాళ్లలో ఇలాంటి మనిషి ఎవరంటే నాకు వెంటనే గుర్తొచ్చేది పుల్లెల గోపీచంద్. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాక కూల్‌డ్రింక్ ప్రకటన అవకాశం వస్తే వద్దన్నాడు. తాను తాగనిదాన్ని ఇంకొకరిని తాగమని ఎలా చెబుతానన్నది ఆయన లెక్క. అలాగని డబ్బు దండిగా ఉన్న మనిషీ కాదు. తర్వాత గచ్చిబౌలి అకాడమీ కోసం సొంత ఇల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆయన మాట్లాడేటప్పుడు చూడండి, గొంతు పెద్దగా లేవదు.

మీ విషయానికొస్తే, పలకరింపు, ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడటం లాంటివి నేర్చుకుంటే వచ్చేవే. నేనూ మొదటాయన దగ్గరే నేర్చుకున్నాను, ఇప్పటికీ పనికొస్తున్నాయి. నేర్చుకోండి, తప్పేం లేదు. కానీ వాటికోసం ఆ సహోద్యోగిని చూసి కుంగిపోవద్దు. మీ పనిలో మీకు బాగా తెలిసిన ముక్క ఒకటి ఎంచుకుని, వచ్చే మీటింగ్‌లో దాని గురించి రెండే వాక్యాలు చెప్పండి. ఎవరైనా అడ్డు ప్రశ్న వేసి, జవాబు తెలియకపోతే, "తెలియదు, చూసి రేపు చెబుతాను" అనండి. మర్నాడు తప్పకుండా చెప్పండి. గొంతు వణికినా ఫరవాలేదు. ఆ సహోద్యోగి గురించి ఇప్పుడే ఏ తీర్పూ ఇవ్వకండి. ప్రాజెక్టు తేడా కొట్టిన వారం ఆయన ఫోన్ ఎత్తుతాడో లేదో చూశాక అనుకోవచ్చు.