సమాధానం: వర్చువల్ ల్యాబ్ చేశాక కూడా కలోరిమీటర్ దగ్గర తడబాటు

మేడమ్, అమలాపురంలో మీ ఫస్టియర్ ఎంబీబీఎస్ పిల్లలు వర్చువల్ ల్యాబ్ టకటకా క్లిక్ చేసేసి, అసలు గ్లూకోజ్ ప్రాక్టికల్‌లో కలోరిమీటర్ (ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుందో కొలిచే పరికరం) ముందు బిక్కమొహం వేస్తున్నారన్నారు. వానాకాలంలో హాస్టల్ నెట్ గొడవ ఒకటి.

నెట్ సంగతి తేలిక. కొలరాడో విశ్వవిద్యాలయం వారి సిమ్యులేషన్ల వెబ్‌సైట్ ఫెట్ (PhET)లో ‘బీర్స్ లా ల్యాబ్’ ఉచితం. ఫైలు ఒకసారి దించి పెన్‌డ్రైవ్‌లో పంచితే నెట్ లేకుండానే నడుస్తుంది.

అసలు చిక్కల్లా ఊరికే చేసి రమ్మనడంలో ఉంది. ప్రాక్టికల్‌కు ముందు రోజు ఒక్క ప్రశ్న ఇచ్చి పంపండి: గులాబీ రంగు పర్మాంగనేట్ ద్రావణం పెట్టి, క్యూవెట్ (ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్ర) వెడల్పు ఒక సెంటీమీటరు నుంచి రెండుకు జరిపితే ఏమవుతుంది? ముందు తమ ఊహ రికార్డులో రాయాలి, తర్వాతే స్లైడర్ ముట్టుకోవాలి. అబ్జార్బెన్స్ (ద్రావణం వెలుతురు పీల్చుకునే కొలత) రెట్టింపవుతుంది. ట్రాన్స్‌మిటెన్స్ (ద్రావణం దాటి బయటికొచ్చే వెలుతురు) 40 శాతం ఉంటే 20 కాదు, 40లో 40 శాతం, అంటే 16కి పడిపోతుంది. వాదన అక్కడే మొదలవుతుంది, మొదలవ్వనివ్వండి. గులాబీ రంగు ద్రావణానికి ఆకుపచ్చ ఫిల్టర్ ఎందుకో కూడా, వేవ్‌లెంగ్త్ మార్చి చూసినవాళ్లే చెప్తారు.

పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం) పట్టుకునే నేర్పు మాత్రం తెర మీద రాదు. దానికి ల్యాబ్‌లో మొదటి పావుగంట రంగునీళ్లతో కొలిపించండి. సిమ్యులేషన్‌కు మార్కులు వద్దు, స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో చక్కర్లు కొడతాయి!